పొమ్మనలేక పొగబెడుతుంటే రాజీనామా రాసివ్వాలా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ బ్రాంచి) అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. వయసు 37. ఇక్కడ చేరి ఏడేళ్లు దాటింది. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ నడుస్తోంది. పోయిన జూన్‌లో మా బ్రాంచిలో ఒక సెక్షన్ తీసేశారు. అప్పటి నుంచి మా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సారు తీరు మారిపోయింది. నేను మొదటి నుంచీ చెబుతున్న పవర్ సిస్టమ్స్ తీసేసి, సెమిస్టర్ మొదలైన మూడో రోజున నేనెప్పుడూ చెప్పని సబ్జెక్టు చేతిలో పెట్టారు. రోజూ మొదటి పీరియడూ నాదే, చివరి పీరియడూ నాదే. కోర్స్ ఫైల్ (సబ్జెక్టు పాఠాల ప్రణాళిక, రికార్డులు ఉండే ఫైల్) నాలుగుసార్లు తిప్పి పంపారు. తప్పేమిటో ఒక్కసారి కూడా రాయలేదు. డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నా క్లాసు టైమ్ రాసి, "కొందరికి జీతం మీద ఉన్న శ్రద్ధ పాఠం మీద లేదు" అని పెట్టారు. మొన్న ఫిబ్రవరిలో మీటింగులో అందరి ముందు "మీ ఆయన సంపాదిస్తున్నాడుగా మేడం, హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా" అన్నారు. ఇద్దరు నవ్వారు. పాపకు జ్వరమని ఒక రోజు సెలవు పెడితే లాస్ ఆఫ్ పే అని ఆ రోజు జీతం కోశారు. నేను రాసిన పరిశోధన పేపర్‌లో తన పేరు మొదట పెట్టమంటే ఒప్పుకోలేదు, అదీ మనసులో పెట్టుకున్నారు. స్టాఫ్‌రూమ్‌లోకి నేను వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజు నుంచీ కాలేజీ దగ్గరే ఉన్నాయి. మావారు "ఎక్కడికి వెళ్లినా ఇంతే, సర్దుకుపో" అంటారు. ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ మొదలవుతుంది. మొన్న క్లాసులో ఎన్నో ఏళ్లుగా రాస్తున్న సూత్రమే బోర్డు మీద సగంలో ఆగిపోయింది. లోపం నాలోనే ఉందా? రాజీనామా ఇచ్చి బయటపడమంటారా? దయచేసి నా పేరు వేయకండి.

— ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, తెలంగాణ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు బాధ కంటే ముందు కోపం వచ్చింది. పిల్లలకు పాఠం చెప్పి ఇంటికి వెళ్లాల్సిన మనిషిని బోర్డు ముందు చేయి ఆగిపోయే స్థితికి తెచ్చారు. నేనూ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే. తెలిసిన సూత్రం చేతికి రాకపోతే ఎంత భయం వేస్తుందో నాకు తెలుసు. అది మీకు సబ్జెక్టు రాకపోవడం కాదు. ఎనిమిది నెలలుగా నిద్ర సరిగా లేని మనిషికి జరిగేదే అది.

లోపం మీలో ఉందా అని అడిగారు. లేదు. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదిది, మీరు రాసిన వివరాలే చెబుతున్నాయి. సెక్షన్ పోయింది జూన్‌లో, సారు తీరు మారిందీ జూన్‌లోనే. అన్నేళ్లు పనికొచ్చిన టీచరు ఒక సెక్షన్ పోయిన నెలలోనే పనికిరాకుండా పోతుందా? ఇక కోర్స్ ఫైల్ సంగతి చూడండి. దిద్దాలనుకున్న మనిషి ఏ పేజీలో ఏం తప్పుందో చెబుతాడు. లెసన్ ప్లాన్‌లో తేదీలు కలవలేదనో, సీఓ-పీఓ మ్యాపింగ్ (సబ్జెక్టు లక్ష్యాలను కోర్సు లక్ష్యాలతో జతచేసే పట్టిక) సరిగా లేదనో ఎర్ర ఇంకుతో ఒక్క గీత గీస్తాడు. నాలుగుసార్లు తిప్పి పంపి ఒక్క మాటా రాయలేదంటే ఆయనకు కావలసింది సరైన ఫైల్ కాదు, మీరు అలసిపోవడం.

ఇలాంటి వేధింపులో బయటికి చెప్పుకోవడమే పెద్ద కష్టం. ఏ ఒక్కదాన్ని విడిగా చెప్పినా చిన్నదిగానే కనిపిస్తుంది. మొదటి పీరియడ్ ఇచ్చారని ప్రిన్సిపాల్‌తో అంటే "ఎవరో ఒకరు తీసుకోవాలి కదమ్మా" అంటారు. వాట్సాప్ మెసేజ్ చూపిస్తే "మీ పేరు లేదుగా" అంటారు. మీటింగులో అన్న మాట చెబితే "సారు సరదాగా అనుంటారు" అంటారు. పని చేసే చోట జరిగే అమర్యాద మీద 1999లో ఆండర్సన్, పియర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన వ్యాసం ఇప్పటికీ అందరూ ప్రస్తావిస్తారు. అందులో వాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఇదే. చేసినవాడి ఉద్దేశం ఏమిటో తేల్చి చెప్పలేనట్టు ఉండటమే ఆ ప్రవర్తన లక్షణమన్నారు. అవతలివాళ్లకు తప్పించుకునే దారి అక్కడే దొరుకుతుంది.

అందుకే విడివిడి సంఘటనలను కాదు, వరసను చూడాలి. స్వీడన్‌లో 1980లలో హైంజ్ లేమన్ అనే మనస్తత్వవేత్త ఉద్యోగుల మీద పనిచేసి ఒక కొలత పెట్టాడు. వారానికి ఒక్కసారైనా, ఆరు నెలలకు తగ్గకుండా ఒకే మనిషి మీద ఇలాంటివి జరుగుతుంటే అది మామూలు గొడవ కాదు, వేధింపు అన్నాడు. మీరు రాసిన ప్రకారం ఎనిమిది నెలలు దాటాయి, వారంలో ఏ రోజూ ఖాళీ లేదు. స్వీడన్ 1993లోనే ఉద్యోగుల వేధింపుల మీద నిబంధనలు తెచ్చింది, ఫ్రాన్స్ 2002లో చట్టమే చేసింది. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో సోషియాలజీ చెప్పిన కెనెత్ వెస్ట్‌హ్యూస్ యూనివర్సిటీల్లో ఒక అధ్యాపకుడి మీద మిగతావాళ్లంతా కలిసి ఎలా తిరగబడతారో ఏళ్ల తరబడి పరిశీలించి పుస్తకాలు రాశాడు. ఇవన్నీ చెప్పడం మీకు పాఠం చెప్పడానికి కాదు. స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర మాటలు ఆగిపోవడం మీరు ఊహించుకున్నది కాదని, చదువుకున్నవాళ్లుండే చోట్ల కూడా ఇది జరుగుతుందని, దీన్ని చూసి రాసిపెట్టినవాళ్లు ఉన్నారని మీకు తెలియాలి.

మీ కాలేజీలో ఎందుకు జరుగుతోందో కూడా నాకు అర్థమవుతోంది. ఇది మీ ఒక్కరి కథ కాదు. సివిల్, మెకానికల్, ఈఈఈ బ్రాంచిల్లో చేరేవాళ్లు తగ్గుతున్నారు. సీట్లన్నీ కంప్యూటర్ సైన్సు, ఏఐ వైపు వెళ్తున్నాయి. సెక్షన్ పోతే టీచర్లు ఎక్కువవుతారు. తీసేయాలంటే కాగితం మీద కారణం రాయాలి, విచారణ జరపాలి. అదే మనిషి తనంతట తాను రాజీనామా ఇచ్చి వెళ్లిపోతే ఇవేవీ ఉండవు. అందుకని పొమ్మనలేక పొగబెడతారు. మీ హెచ్‌ఓడీ సారు మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉండి ఉండవచ్చు. అడ్మిషన్ల టార్గెట్, కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ కోసం ఫైళ్లు, "ఇద్దర్ని తగ్గించండి" అనే మాట. ఆయన పరిస్థితి నాకు తెలియక కాదు. కానీ తన మీద పడిన బరువు తెచ్చి మీ నెత్తిన, అదీ పదిమందిలో అవమానం చేసి దించే హక్కు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి నా మొదటి మాట, మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి: కోపంలోనో ఏడుపులోనో ఆయన గదిలో కూర్చుని రాజీనామా రాసివ్వకండి. ముందే టైప్ చేసి పెట్టిన కాగితం ముందుకు తోసి "సంతకం పెట్టండి, మీకే మంచిది" అంటే పెట్టకండి. "ఇంట్లో మాట్లాడి చెబుతాను సార్" అని లేచి రండి. తెల్ల కాగితం మీద సంతకం అడిగితే అసలే వద్దు. మీరు వెళ్లాలనుకుంటే వెళ్దురుగాని, కానీ మీరు ఎంచుకున్న రోజున, చేతిలో మీ కాగితాలన్నీ ఉన్నాక వెళ్దురుగాని.

ఈరోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. కాలేజీ డైరీ కాదు, ఇంట్లో ఉండే మామూలు లాంగ్ నోట్‌బుక్. జరిగిన రోజే రాయండి. మనసులో ఉన్న బాధ వేరే పేజీలో రాసుకోండి. ఇక్కడ మాత్రం కెమెరా చూసినంతే ఉండాలి. ఆ మీటింగ్ గురించి మీరు ఇలా రాయవచ్చు: "ఫిబ్రవరి 11, బుధవారం, మధ్యాహ్నం 3.40. డిపార్ట్‌మెంట్ మీటింగ్. మిడ్ పరీక్షల డ్యూటీల గురించి. శుక్రవారం డ్యూటీ మార్చమని అడిగాను. హెచ్‌ఓడీ గారు అన్న మాట: 'మీ ఆయన సంపాదిస్తున్నాడుగా మేడం, హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా.' గదిలో తొమ్మిది మంది. ఇద్దరు నవ్వారు. నేను 'సరే సార్' అని కూర్చున్నాను." తేదీ, మనుషులు మీకు గుర్తున్నట్టు మార్చుకోండి. "చాలా దారుణంగా అవమానించారు" అని రాయకండి. ఆయన అన్న మాట అన్నట్టే ఉంటే చదివినవాళ్లకు అదే అర్థమవుతుంది. అలాంటివి పది పేజీలు పోగయ్యాక, మీకే కాదు, ఎవరికి చూపించినా ఆ వరస కనిపిస్తుంది.

రెండో పని, నోటిమాటను మెయిల్‌లోకి తేవడం. ఆయన నోటితో ఏం చెప్పినా ఆ సాయంత్రమే మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. మీరు ఇంగ్లీషులోనే రాస్తారు, సారాంశం మాత్రం ఇదీ: "సార్, ఈరోజు మీరు చెప్పిన ప్రకారం మూడో సంవత్సరం ల్యాబ్ రేపటి నుంచి నేను తీసుకుంటున్నాను. కోర్స్ ఫైల్‌లో ఏ పేజీలో ఏం మార్చాలో తెలిపితే శుక్రవారంలోగా పూర్తి చేసి ఇస్తాను." ఇందులో ఫిర్యాదు లేదు, వాదన లేదు. ఆయన జవాబిస్తే మీకు స్పష్టత వస్తుంది. ఇవ్వకపోతే, అడిగినా చెప్పలేదని రికార్డు ఉంటుంది. ఇలాంటి మెయిల్స్ మొదలైన కొన్నాళ్లకే కొందరు బాసులు మాట తగ్గించడం నేను చూశాను. రాతలో దొరికిపోతామన్న జంకు వాళ్లకూ ఉంటుంది.

మీ పర్సనల్ మెయిల్‌కు కాపీలు పంపుకోండి, అయితే ఒక జాగ్రత్త. ప్రశ్నపత్రాలు, పిల్లల మార్కులు, ఇంటర్నల్స్ షీట్లు మాత్రం బయటికి పంపకండి. రేపు దాన్నే పట్టుకుని మీ మీద మెమో ఇస్తారు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీయడంతో సరిపెట్టకండి, ఆ చాట్ ఫోన్‌లో అలాగే ఉంచండి, గ్రూపు నుంచి బయటికి రాకండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఫోన్‌లో ఉన్నదాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే దానితోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అసలు ఫోన్, అసలు చాట్ చేతిలో ఉంటే ఆ పని తేలిక. ఆయన మాటలు రికార్డు చేసి నలుగురికీ పంపాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అప్పుడు చర్చంతా ఆయన అన్న మాట మీద కాక మీరు పంపిన ఆడియో మీదికి మళ్లుతుంది.

పేపర్ విషయంలో మీరు చేసింది నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ పని ఆయన చేసి ఉంటే పేరు ఉండాలి, చేయకపోతే ఉండకూడదు, మొదట అయితే అసలే కూడదు. మళ్లీ అడిగితే "సార్, ఎవరు ఏ భాగం చేశారో జర్నల్ వాళ్లు రాయమంటున్నారు, మీరు చేసిన భాగం ఏమిటో మెయిల్ చేయండి, చేరుస్తాను" అనండి. చాలా జర్నల్స్ ఇప్పుడు నిజంగానే అది అడుగుతాయి. మీ గైడ్‌కు కూడా ఈ సంగతి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పీహెచ్‌డీ మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం, దాన్ని ఈ గొడవలో నలగనివ్వకండి.

ఇక చట్టం. నిజం చెప్పాలంటే ఇక్కడే నాకు ఎక్కువ బాధగా ఉంటుంది. ఒక విద్యార్థి ఇంకో విద్యార్థిని ఏడిపిస్తే దానికి ర్యాగింగ్ అని పేరుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానిమీద చట్టం వచ్చింది, 2009లో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ నిబంధనలు వచ్చాయి, ప్రతి కాలేజీ గోడ మీదా బోర్డు ఉంటుంది. అదే కాలేజీలో టీచర్‌ను పై టీచరు ఏడిపిస్తే సూటిగా వర్తించే చట్టం మన దేశంలో లేదు. లేబర్ కోర్టుకు వెళ్దామన్నా, టీచర్లు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'కార్మికులు' కారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పేసింది. పిల్లలకు ఉన్న రక్షణ వాళ్లకు చదువు చెప్పేవాళ్లకు లేకపోవడం అన్యాయం. అధ్యాపక సంఘాలు జీతాల కోసం అడిగినంత గట్టిగా దీనికోసం అడగాలి.

అయినా తలుపులన్నీ మూసుకుపోలేదు. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2021లో టీచర్లు, సిబ్బంది ఫిర్యాదుల కోసమే ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అనుమతి ఉన్న ప్రతి కాలేజీలో దానికి ఒక కమిటీ ఉండాలి. చాలాచోట్ల ఆ కమిటీ సభ్యుల పేర్లు ఇన్‌స్పెక్షన్ ఫైల్‌లో మాత్రమే ఉంటాయి. మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే వాళ్లు మీటింగ్ పెట్టి మినిట్స్ రాయక తప్పదు. రేపు ఎన్‌బీఏ వాళ్లు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు వచ్చి ఫిర్యాదులను ఎలా పరిష్కరించారో చూపమంటే ఆ ఫైల్ తీయాలి. మేనేజ్‌మెంట్‌కు మీ కన్నీళ్ల కంటే ఆ ఫైల్ ముఖ్యం. వినడానికి కష్టంగా ఉన్నా, మీకు పనికొచ్చేది అదే.

"ఇంట్లో కూర్చోవచ్చు కదా" అన్న మాట ఆడమనిషి కాబట్టే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఒక్క మాటతో లైంగిక వేధింపుల చట్టం కింద కేసు నిలబడటం కష్టమని నా అభిప్రాయం. మీరు ఉత్తరంలో రాయడానికి ఇబ్బంది పడి వదిలేసినవి ఇంకేమైనా ఉంటే, అంటే చీర మీదో ఒంటి మీదో మాటలు, రాత్రి పూట అక్కర్లేని మెసేజ్‌లు, గదికి ఒంటరిగా పిలవడాలు ఉంటే, అప్పుడు సంగతి వేరు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో పూర్తవ్వాలి. ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. ఈ గడువు దాటనివ్వకండి. అలాగే మీరు దళిత, గిరిజన కుటుంబం నుంచి వచ్చినవారై, కులం పేరుతో గానీ కులాన్ని ఎత్తిపొడుస్తూ గానీ నలుగురిలో అవమానించి ఉంటే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. అప్పుడు కాలేజీ కమిటీ కోసం ఎదురుచూడక్కర్లేదు, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు.

ఉద్యోగం తీసేస్తామని బెదిరిస్తే భయపడకండి. తెలంగాణలోనూ అమల్లో ఉన్న 1982 విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో పనిచేసేవాళ్లను విచారణ లేకుండా, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తొలగించకూడదు. ఈ సెక్షన్ నంబరు మీరు వాళ్ల ముందు అనక్కర్లేదు. మీకు తెలిస్తే మీ గొంతు వణకదు, అంతే.

సర్టిఫికెట్ల సంగతి అన్నిటికన్నా ముందు తేల్చుకోండి. అవి మీవి. వెరిఫికేషన్ కోసం చూసి తిరిగి ఇవ్వాల్సినవి, తాకట్టు పెట్టుకోవడానికి కాదు. విద్యార్హత పత్రాలు అమ్మకపు సరుకు కావని, వాటిని పట్టి ఉంచే హక్కు సంస్థలకు లేదని మద్రాసు హైకోర్టు చెప్పింది కూడా. గొడవ ముదిరాక అడిగితే బేరం పెడతారు, ఇప్పుడే అడగండి. "పీహెచ్‌డీ పనికి యూనివర్సిటీలో ఒరిజినల్స్ చూపించాలి" అన్న కారణం మీకు ఎలాగూ ఉంది. లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లి ఆఫీసులో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపండి. అయినా ఇవ్వకపోతే లాయర్ నోటీసు. చాలాసార్లు అంతవరకు పోదు.

ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే ఫిర్యాదు ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. నోట్‌బుక్‌లోంచి బలమైన మూడు సంఘటనలు చాలు. కోర్స్ ఫైల్, వాట్సాప్ మెసేజ్, మీటింగులో మాట. తేదీలతో, జతచేసిన కాగితాలతో. ఆయన్ని శిక్షించమని అడగకండి, ఆయన మనస్తత్వం గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి. మీకు ఏం కావాలో అడగండి: పని సూచనలు రాతలో ఇవ్వాలి, పని మీద వ్యాఖ్యలు గ్రూపులో కాక విడిగా చెప్పాలి, వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్‌లో మొదటి, చివరి పీరియడ్లు అందరికీ వంతులవారీగా రావాలి, వేసిన లాస్ ఆఫ్ పే సరిచేయాలి. ఇవన్నీ ఏ ప్రిన్సిపాల్ అయినా ఎవర్నీ నొప్పించకుండా చేయగలిగినవే. చేయలేదంటే చేయదలుచుకోలేదని అర్థం, అప్పుడు కమిటీకి వెళ్లడానికి మీకు కారణం దొరుకుతుంది.

ఆ మీటింగులో ఉన్న మీ తోటివాళ్లతో కూడా నాకో మాట ఉంది. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. మీకూ ఈఎంఐలు ఉన్నాయి, మీ సర్టిఫికెట్లూ అదే బీరువాలో ఉన్నాయి, నాకు తెలుసు. సారుకు ఎదురు తిరగమని అడగడం లేదు. ఆ మీటింగులో ఎవరో ఒకరు "సార్, మీటింగు సంగతి చూద్దాం" అని ఉంటే ఆ నవ్వు అక్కడితో ఆగిపోయేది. ఆమె స్టాఫ్‌రూమ్‌లోకి వస్తే మాట ఆపకుండా ఒక కుర్చీ జరపండి. టీ తెప్పిస్తే ఆమెకూ ఒక కప్పు చెప్పండి. వేధించే మనిషికి బలం తన కుర్చీ నుంచి కొంతే వస్తుంది, మిగతాది మీరు నవ్వడం వల్ల, తల దించుకోవడం వల్ల వస్తుంది. ఆమె వెళ్లిపోయాక తర్వాతి సెక్షన్ పోతే ఆ పొగ మీ బల్ల దగ్గరికే వస్తుంది.

అమ్మా, మీరు కూడా అందర్నీ ఒకే గాటన కట్టకండి. నవ్వింది ఇద్దరే. మిగతావాళ్లలో కంట్లో కాస్త ఇబ్బంది కనిపించిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ ఒక్కరితో కాలేజీ బయట మాట్లాడండి. సాక్ష్యం చెప్పమని అడగకండి, "ఆ రోజు నేను విన్నది నువ్వూ విన్నావా" అని మాత్రం అడగండి. విన్నాను అన్న ఒక్క మాటతో మీకు సగం నిద్ర తిరిగి వస్తుంది.

మీవారి మాట గురించి. "ఎక్కడికి వెళ్లినా ఇంతే" అనేది నిజం కాదు. పనిలో ఒత్తిడి ఎక్కడైనా ఉంటుంది, అడ్మిషన్ల సీజన్‌లో ఊళ్లు తిరగడం దాదాపు అన్ని ప్రైవేటు కాలేజీల్లోనూ ఉంది. ఒకే మనిషిని ఏరి అవమానించడం అన్నిచోట్లా ఉండదు. ఆయన మిమ్మల్ని పట్టించుకోక అంటున్నారని కూడా నేను అనుకోను. ఒక జీతం పోతే ఇల్లు ఎలా నడుస్తుందన్న భయం ఆయనది. ఏడుస్తూ చెప్పేకన్నా ఆ నోట్‌బుక్ ఆయన చేతికి ఇచ్చి చదవమనండి. తర్వాత ఇద్దరూ కూర్చుని ఆరు నెలల ఇంటి ఖర్చు లెక్క వేయండి. అందులో ఒక లెక్క మీకు తెలియకపోవచ్చు, అది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఒకేసారి ఇవ్వాల్సిన సొమ్ము. 2009 సవరణతో టీచర్లకూ అది వర్తించింది, యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణనే సమర్థించింది. ఐదేళ్లు నిండాయి కాబట్టి రాజీనామా చేసినా మీకు వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో, పనిచేసిన ఏళ్లతో గుణించండి. ఆ మొత్తం 40,000 అయితే ఏడేళ్లకు సుమారు 1,61,500 రూపాయలు. వెళ్లిపోవాలన్న తొందరలో దీన్ని అడగకుండా వచ్చేసిన టీచర్లు ఎందరో.

గుండె దడ, నిద్రలేమి అశ్రద్ధ చేయకండి. ముందు ఒక డాక్టర్‌కు చూపించి బీపీ, థైరాయిడ్ చూపించుకోండి. మనసు మరీ బరువెక్కిన రాత్రి 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత లైన్, తెలుగులోనే మాట్లాడతారు, పేరు బయటికి రాదు. ఇది బలహీనత అనుకోకండి. డాక్టర్ చీటీలు కూడా తేదీలతో దాచుకోండి.

ఇక ఉండాలా, వెళ్లాలా? సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. వేరే ఉద్యోగం ఇప్పటి నుంచే వెతకండి. ఫిర్యాదు కూడా ఇవ్వండి. రెండూ ఒకేసారి. ఫిర్యాదుతో ఆయన మారతారని నేను హామీ ఇవ్వలేను. సెక్షన్ తగ్గిన బ్రాంచిలో మీ భవిష్యత్తు ఎంత అనేది ఆయన మంచివాడైనా ఆలోచించాల్సిన ప్రశ్నే. ప్రైవేటు కాలేజీల్లో కొత్తవాళ్లను ఎక్కువగా తీసుకునేది వేసవిలో, అడ్మిషన్లకు ముందు. అంటే మీకు ఈ సెమిస్టర్ పూర్తిచేసే సమయం ఉంది. మధ్యలో వదిలేస్తే పిల్లలూ నష్టపోతారు, "మధ్యలో వదిలేసి పోయింది" అన్న మాటా మీ మీద పడుతుంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో నోటీసు ఎన్ని నెలలో చూసుకుని, దానికి తగ్గట్టు తేదీ పెట్టుకోండి. యూనివర్సిటీ ర్యాటిఫికేషన్ (మీ నియామకాన్ని ఆమోదించిన ఉత్తర్వు) కాపీ, జీతం స్లిప్పులు, ఫారం 16 (జీతం మీద పన్ను కోత పత్రం), పీఎఫ్ నంబరు యూఏఎన్ వివరాలు ఇప్పుడే ఇంటికి తెచ్చుకోండి. వెళ్లే రోజు అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చాకే ఐడీ కార్డు ఇవ్వండి.

ముందుగా సర్టిఫికెట్ల లెటర్ రాయండి, రేపు సెలవు కాకపోతే రేపే. అది ఇచ్చిన వారానికి ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే అదే కాగితం కాలేజీ ఫిర్యాదుల కమిటీకి, కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు. ఏ దశలో ఏ జవాబు వచ్చినా, రాకపోయినా నాకు మళ్లీ రాయండి. కాగితం పంపితే నేనే చదివి, ఎక్కడ మాట తగ్గించాలో, ఎక్కడ తేదీ చేర్చాలో చెబుతాను.